జెర్రిపోతు పాడె ఎక్కింది

రఘునాథపల్లి రోడ్డు పక్కన దీక్ష టెంటులో ఆరోజు కల్లుగీత కార్మికుల వంతు. పొద్దున్నుంచి కడుపు మాడ్చుకుని కూర్చోవాలి, పొద్దు గూకే వేళకు ఎవరో పెద్దవాళ్లు నిమ్మరసం ఇస్తే లేవాలి. సకల జనుల సమ్మె మొదలై మూడు వారాలైంది. బస్సులు లేవు, బడులు లేవు, కబుర్లకు మాత్రం కొదవ లేదు. ఆ కబుర్లకు పెద్ద కాటమయ్య. ఆయన మాటలు కోటలు దాటుతాయనీ, కాలు గడప దాటదనీ ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

ఇవాళ ఆయనకు కథ చెప్పాల్సిన అవసరం పడింది. రేపు రైలు రోకో. పట్టాల మీద మొదటి వరుసలో కూర్చునేవాళ్ల పేర్లు కుర్రాడు ఐలేశ్ నోటుబుక్కులో రాస్తున్నాడు. అందులో తన పేరు పైన ఉండాలని కాటమయ్య ఆశ. కానీ సోమవారం రాస్తారోకోలో పోలీసు జీపు రాగానే ఆయన ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. పాలకుర్తి నుంచి జనాన్ని తేబోయానని తర్వాత చెప్పుకున్నాడు. ఆ మాట మళ్లీ ఎవరైనా ఎత్తేలోపే ఇంకో మాట ఎత్తుకోవాలి మరి.

"ధైర్యమంటె యాదికొచ్చింది," అన్నాడు, ధైర్యం ఊసు ఎవరూ ఎత్తకపోయినా. "మొన్న ఎండకాలం తాడెక్కిన. మోకు బిగిచ్చి పైకి చూస్తె కల్లు లొట్టి మీద జెర్రిపోతు. గింతే, మూరెడు."

"మూరెడేనా అన్నా? నీ లెక్కకు చిన్నగున్నదే," అన్నాడు ఐలేశ్.

"ముందుగాల మూరెడే కనవడ్డది. మిగిలిందంత చెట్టుకు చుట్టుకొనుండె గద! గంతట్లనే మీదికెల్లి గద్ద దిగింది. ఇంకోడైతె జారి కిందవడుతుండె. నేను ఆగిన. పాము ఏం జేసిందో తెల్సా? ఒళ్లు ఉబ్బిచ్చి బుస్సుమన్నది. నా తలపాగ ఎగిరి పాలకుర్తిల వడ్డది. డోర్నకల్‌ల ఆగున్న రైలుబండి, గార్డు ఈలేసిండనుకొని కదిలిపోయింది."

"గద్ద పోలేదా?"

"గద్దకు చెవుడేమో, పోలే. అప్పుడు తోకతోని ఎండు మట్టల మీద కొట్టుడు వెట్టింది, టపటప టపటప. కిందున్నోళ్లు డప్పనుకొని జై తెలంగాణ అన్నరు."

"గద్ద గూడ అన్నదా అన్నా?"

"నవ్వకుండ్రి. గప్పుడిగ పాము కంపు ఇడిచింది. గా కంపుకు జనగామల మూడొద్దులు దుకాణాలు తెరువలే."

"గది సమ్మెకు గాదా?"

"సమ్మె తర్వాత, కంపు ముందు! అయినా గద్ద కదల్లే. ఆ తర్వాత ఏమైందో తెల్సా? పాము ఎల్లెలకల వడి, నోరు తెరిచి, నాలుక బయటవెట్టి సచ్చింది. సచ్చినదాన్ని గద్ద ముట్టదాయె, ఛీ అనుకుంట పోయింది. నాకు దుఃఖం ఆగలే. భుజానేసుకొని దిగిన. కొలిస్తె ఇరవై గజాలు! పాడె గట్టిచ్చిన, డప్పులు వెట్టిచ్చిన, పదారుమంది మోసిండ్రు. దింపుడు కల్లం కాడ దించి, చెవుల మూడుసార్లు పేరు వెట్టి పిలిచిన…"

"పాముకు చెవులేడియన్నా? పేరేంది దానికి?"

"నడుమ అడ్డం రాకు! మూడోసారి పిలిచెటాళ్లకు కండ్లు తెరిచింది. పాడె మీదికెల్లి మెల్లగ తలెత్తి, 'గద్ద పోయిందా కాటమన్నా?' అన్నది."

టెంటు టెంటంతా విరగబడి నవ్వింది. కాటమయ్య మీసం దువ్వుకున్నాడు. గండం గడిచినట్టే. "ఇగ రాయి ఐలేశూ, నా పేరు పైన రాయి," అన్నాడు.

అప్పటికే నిమ్మరసం బిందెతో వచ్చి గుంజ పక్కన నిలబడి ఉంది వెంకటనర్సమ్మ. ఈ రోజు దీక్ష విరమింపజేసేది ఆమే. రోడ్డు పక్క పత్తిచేను కూడా ఆమెదే. ఆమెను చూడగానే కాటమయ్య చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

"కాటమయ్యా, పాముకు గా మాట ఎవలు నేర్పిండ్రయ్యా? సోమారం నా పత్తిచేన్ల ఒకడు ఎల్లెలకల వడి, నాలుక బయటవెట్టి సచ్చిండు. పోలీసోళ్లు పోయినంక నేను పిలిస్తె తలెత్తి, 'జీబు పోయిందా అక్కా?' అన్నడు."

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఐలేశ్ కళ్లు తుడుచుకుని, పెన్ను మూత పెట్టబోయాడు. కాటమయ్యకు నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

"మూత వెట్టకు, రాయి," అంది వెంకటనర్సమ్మ, గ్లాసు కాటమయ్య చేతికిస్తూ. "భయం ఎవలకు లేదు? తమ్మీ, గా సచ్చుడేందో చేన్ల గాదు, రేపు పట్టాల మీద సావు. ఒళ్లు ఇడిశిపెట్టి పడ్డోన్ని లేపాలంటె నలుగురు పోలీసులు గావాలె."

కాటమయ్య గ్లాసు ఖాళీ చేశాడు. ప్రాణం లేచొచ్చింది. "నలుగురా? నన్ను లేపాలంటె జిల్లా పోలీసులందరు దిగాలె!" అని, ఆమెకు మాత్రమే వినపడేలా గొంతు తగ్గించాడు. "నువ్వు నా పక్కకే కూసో అక్కా. భయమని గాదు. సచ్చినంక పేరు వెట్టి పిలిచెతందుకు ఒకలుండాలె గదా."