పొలిక్సేని పంచిన రాళ్ళు

రా అమ్మాయ్, రా, ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడతావ్, ఆ కుర్చీలో కూర్చో. హీలు ఊడిందా? ఊడదూ మరి! పై మందుల షాపులో కొత్తగా చేరిన పిల్లవి కదూ, మొన్న నిన్ను చూసినప్పుడే అనుకున్నా, ఈ వీధిలో ఆ చెప్పులకి వారానికి మించి ఆయుష్షు లేదని. ఇలా ఇయ్యి. ఆఁ? తిట్టుకో, తిట్టుకో, నాకేం కోపం లేదు. ఈ రాళ్ళని తిట్టడంలో నిన్ను మించినవాళ్ళున్నార్లే. పొలిక్సేనక్క అని ఉండేది, ఉత్తరాలు పంచేది. పైన రొట్టెల కొట్టు నుంచి కింద వంతెన దాకా ముప్ఫయ్యొక్కేళ్ళు ఎక్కింది, దిగింది. మూడుసార్లు చీలమండ బెణికింది. ప్రతి పొద్దున్నా ఏడున్నరకి ఆ మలుపు దగ్గర కాలు జారేది, "ఈ రాళ్ళు పేర్చినవాడి చేతులు పడిపోను, వాడి వంశం గుండ్రాళ్ళ మీదే పొర్లిపోను" అని అక్కడ మొదలెడితే ఇక్కడి దాకా ఆపేది కాదు. గడియారమెందుకు, ఆవిడ తిట్లు విని కొట్టు తెరిచేవాణ్ణి నేను. పొట్టి మనిషి, గట్టి మనిషి, పై పెదవి మీద నాకంటే ఒత్తుగా మీసం. ఆ మీసం గురించి నవ్వినవాడు రెండోసారి నవ్వలేదు.

ఇది ఉద్యోగంలో ఉన్నప్పటి మాట. పాత సర్కారు రోజుల్లో మనకొచ్చే ఉత్తరం ముందు ఇంకెవరో చదువుకుని, ఆ తర్వాత ఆవిడ సంచిలోకొచ్చేది. ఆవిడకి తెలుసు, మనకి తెలుసు, నోరెత్తేవాడు లేడు. ఆవిడ మాత్రం ఏం చేసేదంటే, విప్పి అంటించిన కవరైతే ఓ మూల కొంచెం మడిచి ఇచ్చేది. అంతే. ఒక్క మాట లేదు. మనం అర్థం చేసుకుని జవాబు జాగ్రత్తగా రాసుకునేవాళ్ళం. అలా ఎంతమందిని కాపాడిందో దేవుడికెరుక. ఆవిడ కడుపులో పడిన మాట గోతిలో పడినట్టే. సరే, ఎక్కడున్నాం? ఆఁ, రాళ్ళు.

ఆవిడ పింఛను తీసుకున్నాక ఆరేళ్ళకి అనుకుంటా, ఇప్పటికి ఇరవయ్యేళ్ళ పైమాటే, రొట్టెల కొట్టు గోడకి మున్సిపాలిటీవాళ్ళు కాగితం అంటించారు, మీ వీధిని బాగుచేస్తున్నామని. హాల్లో మీటింగు పెట్టారు. ఇంజనీరొచ్చి బొమ్మ చూపించాడు: నున్నటి తారు రోడ్డు, అటూ ఇటూ దీపాలు, కుండీల్లో పూలు, ఓ పిల్ల సైకిలు తొక్కుతోంది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టా, అబద్ధమెందుకు. నిజానికి నేను ఏడవాలి కదా, నా కూడంతా ఈ రాళ్ళు విరిచిన హీళ్ళ మీదే! అందరికంటే గట్టిగా కొట్టిందెవరనుకున్నావ్? పొలిక్సేనక్కే. "హమ్మయ్య, ఈ దయ్యపు రాళ్ళ పీడ విరగడైంది, నా కాళ్ళకి ముప్ఫయ్యేళ్ళు ఆలస్యమైంది గానీ" అంది. నవ్వులే నవ్వులు.

సోమవారం తవ్వే మిషనొచ్చింది, కింద వంతెన దగ్గర మొదలెట్టింది. ఆవిడ సంతోషంగా చూద్దామని కాఫీ కప్పు చేత్తో పట్టుకుని మరీ దిగింది. లారీలో రాళ్ళు వేస్తున్నారు. మామూలుగా కాదమ్మాయ్, ఒక్కోటీ ఏరి, తుడిచి, గుడ్లు సర్దినట్టు సర్దుతున్నారు. పారేసే రాయికి అంత మర్యాద ఎందుకని ఆవిడకి అనుమానమొచ్చింది. డ్రైవరు పల్లెటూరి కుర్రాడు, "ఎక్కడికి నాయనా ఇవి?" అంటే దాచుకోకుండా చెప్పేశాడు: "చెరువు దగ్గర కొత్త హోటలు కడుతున్నారు కదమ్మా, దాని ముంగిట పరవడానికి. పాతకాలపు వీధిలా ఉండాలట, పట్నం నుంచొచ్చేవాళ్ళకి ముచ్చటగా ఉంటుందిట." ఆవిడ కప్పు కింద పెట్టింది. నేనక్కడే ఉన్నా, చూశా. మొహం ఎర్రగా కందిపోయింది. "అంటే, పాతదని మా వీధి మాకు పనికిరాదు, పాతవని మా రాళ్ళు హోటలుకి కావాలి. అంతేనా?" అంది. వాడు "నాకేం తెలుసమ్మా, నేను బండి తోలేవాణ్ణి" అన్నాడు. "సరే, తోలు. నా మీంచి తోలు" అని వెళ్ళి లారీ ముందు నిలబడింది. వాడు మంచివాడు, తల్లి గుర్తొచ్చిందేమో, మిషను వాడి వంక ఓసారి చూసి, లారీ తొట్టి వెనక్కెత్తి మొత్తం అక్కడే దింపేశాడు. ఆ చప్పుడు కొండ మీదికి వినిపించుంటుంది.

అప్పుడు కంట్రాక్టరొచ్చాడు, యుల్లి అని, తోలు కోటు వాడు. "అమ్మా, మీరే కదా మీటింగులో చప్పట్లు కొట్టింది? మీరే కదా రోజూ ఈ రాళ్ళని తిట్టేది?" అన్నాడు. ఆవిడేమందో తెలుసా? ఈ మాట ఇప్పటికీ రొట్టెల కొట్లో చెప్పుకుంటారు. "తిట్టాను. నా కాళ్ళు విరిగాయి కాబట్టి తిట్టాను. తిట్టే హక్కు నేను సంపాదించుకున్నా. ఎత్తుకుపోయే హక్కు నీకెవడిచ్చాడురా?" అంది. వాడు మర్నాడు పోలీసులతో వస్తానని వెళ్ళాడు.

ఇక ఆవిడ పాత ఉత్తరాల సంచి భుజానికి తగిలించి, మళ్ళీ ఉద్యోగంలో చేరినట్టు గుమ్మం గుమ్మానికీ వెళ్ళింది. నా కొట్టుకీ వచ్చింది. "సోతిర్, గునపముందా? మిషను రాకముందే నీ గుమ్మం ముందు రాళ్ళు నువ్వే తియ్యి. తీసి, కడిగి, ఇంట్లో పెట్టుకో. ఎవరి గుమ్మం ముందువి వాళ్ళవి." నేను "అక్కా, ఇంట్లో రాళ్ళేం చేసుకోను?" అంటే "నీ బుర్రలో ఉన్నవి చాలవనా? మంచం కింద పెట్టు" అంది. మధ్యాహ్నానికి వీధి వీధంతా గునపాల చప్పుడే. పిల్లల తోపుడు బండ్లలో, రొట్టెల పళ్ళేల్లో, దుప్పట్లలో, ముసలీ ముతకా అందరూ మోసేవాళ్ళే; లారీ దింపిన కుప్పని కింది ఇళ్ళవాళ్ళు పంచుకున్నారు. ఆవిడ గేటుకి వెయ్యగా మిగిలిన పచ్చరంగు డబ్బా పట్టుకుని ప్రతి రాయి అడుగునా ఇంటి నంబరు, వరస నంబరు రాసింది. చీకటి పడేసరికి వీధిలో ఉత్త మట్టి. యుల్లి ఇద్దరు పోలీసులని వెంటేసుకుని వచ్చేసరికి తవ్వడానికేముంది?

ఆ పోలీసుల్లో ఒకడు మన వీధివాడే, ఉరానీ కొడుకు. "ప్రభుత్వ ఆస్తి, సోదా చెయ్యాలి" అని గంభీరంగా మొదలెట్టి, ముందు వాళ్ళింటికే వెళ్ళాడు పాపం, పక్షపాతం లేదని చూపించుకోవాలిగా. ఉరానీ మంచం కింద నలభై రాళ్ళున్నాయి. వాడి తల్లి గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని, "మంచం కింద చూస్తావా? చూడు నాయనా. ముందు ఆ బూట్లు విప్పు, నేల ఇప్పుడే తుడిచా" అంది. వాడు వంగి బూటు లేసు విప్పుతున్నాడు, వీధంతా చూస్తోంది. ఒక లేసు ముడిపడింది. విప్పీ విప్పీ, లేచి, టోపీ సరిచేసుకుని, "ఇక్కడేం లేవు" అని రాసుకుని వెళ్ళిపోయాడు. పొలిక్సేనక్క మాత్రం యుల్లి వెంటపడింది: "నీకు రాయి కావాలా? ఏ రాయి? నంబరు చెప్పు. చిరునామా రాసి ఉన్న సరుకు ఇంకోడి చేతికివ్వడం నా ముప్ఫయ్యొక్కేళ్ళ ఉద్యోగంలో లేదు." వాడికి తారు మీద మిగిలేదేం లేదు, కన్నంతా రాళ్ళ మీదే. రాళ్ళిస్తేనే రోడ్డు అని పని ఆపేశాడు. మున్సిపాలిటీ ఆఫీసువాళ్ళు "మీ వీధిని మీరే తవ్వుకున్నారు, మీ చావు మీరు చావండి" అన్నారు.

ఇదుగో, ఒక చెప్పయింది, తొడుక్కో. రెండోదాని హీలూ బలహీనంగానే ఉంది, దానికీ మేకు కొడతా. తొందరేం లేదుగా?

నవ్వులాటంతా అక్కడిదాకానే. ఆ తర్వాత చలికాలమొచ్చింది. మన ఊరి చలికాలం నీకింకా తెలీదు. మంచు పడటం, కరగడం, మళ్ళీ గడ్డకట్టడం. వీధంతా మోకాల్లోతు బురద. కట్టెల బండి వంతెన దగ్గరే ఆగిపోయేది, చేతుల మీద మోసుకునేవాళ్ళం. రొట్టెల కొట్టు కిచో దగ్గరికి వంతెన అవతలివాళ్ళు రావడం మానేశారు, వాడు కొట్టు ముందు నిలబడి పొలిక్సేనక్కకి వినపడేలా తిట్టేవాడు. మీటింగులో చప్పట్లు కొట్టినవాళ్ళే ఆవిడ కనపడితే మొహం తిప్పుకున్నారు. ఆవిడ? చీమ కుట్టినట్టు కూడా లేదు. రబ్బరు బూట్లేసుకుని, రోజూ పొద్దున్నే పైనుంచి కిందికి నడిచేది. తిట్టడం మాత్రం మానేసింది. బురదని తిట్టడం తనకి నామోషీ అనేది.

నా కొట్టుకొచ్చేవాడు లేడు. ఫిబ్రవరిలో మా ఫనీకా, నా భార్య, ఆ గుమ్మం దగ్గరే జారిపడి మణికట్టు విరక్కొట్టుకుంది. అయిదు వారాలు వంట నేనే. అప్పుడు యుల్లి వచ్చాడు. కేకలెయ్యలేదు, బెదిరించలేదు. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, మా ఆవిడ చెయ్యెలా ఉందని అడిగాడు. "మీ ఒక్క ఇంటి రాళ్ళిస్తే చాలు, మిగతావాళ్ళు వాళ్ళే ఇస్తారు, వసంతానికి రోడ్డు పడుతుంది" అన్నాడు. ఇచ్చేశా. నూట పన్నెండు రాళ్ళు. పట్టపగలు, లారీ తెప్పించి. డబ్బు తీసుకున్నావా అనకు, పైసా తీసుకోలేదు. తీసుకునుంటే నయమేమో, అమ్ముడుపోయాడని తిట్టుకునేవాళ్ళు. ఊరికే, అలిసిపోయి ఇచ్చేశానమ్మాయ్. మా ఫనీకా విరిగిన చెయ్యి మెళ్ళో వేలాడేసుకుని, "నా చెయ్యి అడ్డం పెట్టుకుని ఇచ్చావా? నేనడిగానా నిన్ను?" అంది. పది రోజులు మాట్లాడలేదు.

తమాషా ఏంటంటే, నా తర్వాత ఒక్కడూ ఇవ్వలేదు. కిచో కూడా! తిట్టిన నోరే గానీ, వాడి పిండి గదిలో రాళ్ళు కదల్లేదు. పొలిక్సేనక్క నా దగ్గరికి బూట్లు తెచ్చింది, అడుగు అరిగిందని. నేను "అక్కా..." అన్నా. "అడుగు సంగతి చూడు సోతిర్" అంది. అంతే.

జూన్‌లో ఎన్నికలు. ఎన్నికలు రాకుండా ఏ వీధి బాగుపడింది గనక? కొత్తగా నిలబడినాయన కెమెరా తీసుకొచ్చాడు, ఆవిడ పక్కన బురదలో నిలబడి ఫోటో దిగుదామని. "ఫోటో తర్వాత. మేస్త్రీని ముందు పంపు" అంది. పంపాడు. నాసి అని, కొండ మీది ఊరివాడు, డెబ్భై దాటాయి, ఇద్దరు మేనల్లుళ్ళతో వచ్చాడు. చెక్క సుత్తితో కొట్టి, చెవి పెట్టి వినేవాడు, రాయి కూర్చుందో లేదో. పొలిక్సేనక్క వీధి నడుమ నిలబడి పిలిచేది, ఉత్తరాలు పంచినట్టే: "నాలుగు! నాలుగో నంబరు, నీ మూడో వరస!" తోపుడు బండ్లు కదిలేవి. మంచాల కింద నుంచి, మెట్ల కింద నుంచి, నూనె పీపాల వెనక నుంచి వచ్చేవి రాళ్ళు. నంబరు అడుగున, మొహం పైకి. అలా వారంలో వీధి సగం ఎక్కింది, నా గుమ్మం దాకా వచ్చింది.

"పదిహేడు!" అని పిలిచింది. పదిహేడు నాది. ఎవరూ కదల్లేదు. "పదిహేడు!" అని మళ్ళీ పిలిచింది. ఆవిడకి తెలుసు, నావి అప్పటికే చెరువు దగ్గర హోటలు ముందు సిమెంట్లో కూరుకుపోయాయని. ఊరంతటికీ తెలుసు. అయినా మూడోసారి పిలిచింది. నేను ఈ గుమ్మంలోనే, ఇలా చేతులేలాడేసుకుని నిలబడ్డా. ఉరానీ "పోనీలే, నా వరసలోంచి కొన్ని సర్దుతా" అంది. పొలిక్సేనక్క ఒప్పుకోలేదు. "ఎవరివి వాళ్ళవే" అంది. నాసి వైపు తిరిగి, "చిరునామాదారు దొరకలేదు. ఇక్కడ సిమెంటు పొయ్యి" అంది. నా వంక చూడను కూడా చూడలేదు. "పద్దెనిమిది!" అని పిలిచింది.

తర్వాత నాలుగేళ్ళు బతికింది. బూట్లు నా దగ్గరే కుట్టించుకుంది, ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. మళ్ళీ రాళ్ళని తిట్టడం మొదలెట్టింది, మునుపటికంటే గట్టిగా. పోయినప్పుడు శవపెట్టె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. ఆ మలుపు దగ్గర కిచో కాలు జారి, అలవాటుకొద్దీ "ఈ రాళ్ళు పేర్చినవాడి..." అనబోయి ఆగిపోయాడు. ఒక్కడూ నవ్వలేదు, అందరికీ నవ్వొచ్చింది.

ఆఁ, అదుగో, వంగి చూడు, గుమ్మం ముందు బూడిద రంగు ముక్క. మంచం అంత ఉంటుంది. పోయిన శరత్కాలం ఎవరో కుర్రాళ్ళొచ్చారు, చక్కగా చదువుకున్నవాళ్ళు, చేతుల్లో పటాలు. ఇప్పుడు పాత వీధులంటే అందరికీ ప్రేమ పుట్టుకొచ్చిందిలే, వీధి మొదట్లో 'పాతకాలపు వీధి' అని పలక కూడా పెట్టారు. "తాతా, ఈ సిమెంటు ముక్క ఒక్కటే వీధి అందాన్ని చెడగొడుతోంది. అచ్చం అలాంటి రాళ్ళే తెప్పించాం, ఒక్క రోజు పని" అన్నారు. నేను ముక్కాలి పీట తెచ్చి సిమెంటు నడుమ వేసుకుని కూర్చున్నా. "లే తాతా" అంటారు. లేవను. పోలీసుని పిలుస్తామన్నారు. పిలవండి, వాడి అమ్మ పేరు నాకు తెలుసన్నా. "ఎందుకు తాతా, ఇది పాతది కూడా కాదు, ఉత్త సిమెంటు" అన్నాడు ఒకడు. "మీ రాళ్ళు ఎక్కడివి?" అన్నా. ఏదో ఊరి పేరు చెప్పాడు. "వాటి అడుగున పదిహేడని పచ్చ రంగుతో రాసుందా?" అన్నా. "రాసుంటే తెండి. లేకపోతే పొండి. ఇది పొలిక్సేని పోయించిన సిమెంటు. నాకు వచ్చిన ఉత్తరమిది, ఆఖరిది. చించడానికి మీరెవరు?"

పోయారు. మళ్ళీ వస్తారు, రానీ. పీట అక్కడే ఉంది.

ఊఁ... ఇదీ అయింది. ఏదీ, ఆ కాలు కూడా ఇలా పెట్టు. మీ మందుల షాపులో మోకాలి నొప్పికి ఏదో పూత మందు వచ్చిందటగా, పని చేస్తుందా అది?