వెనక కిటికీ కింద

ఫ్రాన్స్‌లో కొండ దిగుతుంటే కారు వెనక తగిలించిన కారవాన్, వాళ్ల చక్రాల ఇల్లు, కుక్కతోకలా ఊగింది. స్టీరింగ్ పట్టుకున్న హిల్కె బ్రేకు మీదికి కాలు జరిపింది.

"బ్రేకు తొక్కకు! తిరగబడతాం!" పక్క సీట్లో భర్త యెల్లె అరిచాడు.

"బరువు తూచానన్నావుగా?"

"హాలండ్‌లో, మనింటి ముందే తూచా. కారుకి తగిలించే కొక్కెం మీద డెబ్బై అయిదు కిలోలు, సరిగ్గా. ముందు బరువుంటే వెనక ఊగదు. తర్వాత నువ్వేమైనా పెట్టావా?"

"వెనక మంచం కింద... మన బంగాళాదుంపలు. ఒక్క బస్తా. ఇక్కడి దుంపలు నువ్వు ముట్టవుగా!"

"ఒక్క బస్తాకే ఇంత ఊగదే..."

"మరి నువ్వేం పెట్టావు?"

అతను పక్క కిటికీలోంచి బయటికి చూశాడు.

"యెల్లె! నిన్నే!"

"బీరు. నాలుగు పెట్టెలు. వెనక కిటికీ కింద."

కారవాన్ మళ్లీ ఊగింది, ఈసారి కారునీ లాగుతూ.

"ఆగే చోటు ఎంత దూరం?" హిల్కె అడిగింది.

"ఇందాకే బోర్డు దాటాం... పదకొండు కిలోమీటర్లు. అంతా దిగుడే."