తుంగభద్ర అవతలి క్యాంపు

నిజాం రాజ్యం పోయి నలభై ఏళ్లయింది. ఆ గొడవల్లోనే జోగయ్య కూడా పోయాడు. గద్వాలలో ఆయన మగ్గం మీద భార్య రాధమ్మ ఇంకా చీరలు నేస్తూనే ఉంది. జోగయ్యను అన్నా అని పిలిచే స్నేహితుడు వెంకట్రాములు ఒక కాయితం పట్టుకుని పొద్దున్నించి ఆమె ఎదుటే కూర్చున్నాడు.

“జర వేలుముద్ర వెయ్యి వదినె. ఒక్కటే.”

“ఏమని రాసిండ్రు? మళ్ల సదువు.”

“ఎన్నిసార్లు సదవాలె? వెంకట్రాములు అనేటోడు నిజాం మీద కొట్లాటల తుంగభద్ర దాటి పోయి, కర్నూలు దిక్కు క్యాంపుల ఆర్నెల్లు ఉండె, నేనెరుగుదును అని.”

“నేనెరుగుదునా?”

“వదినె...”

“ఆగు. పోగు తెగింది.”

“తెగలే. నేను సూస్తనే ఉన్న.”

“బజార్ల జెండా ఎగరేసింది నువ్వే గద. అది రాయించు. ఊరంత చెప్తది.”

“జెండా ఎగరేస్తె చాలదంట. జైల్లనన్న ఉండాలె, క్యాంపులనన్న ఉండాలె. లేకుంటె పింఛను రాదంట. మరి యాడున్నవు అంటె ఏం చెప్పాలె?”

“ఉన్నదే చెప్పు.”

“ఆడిమనిషి కాళ్ల కింద, మగ్గం గుంతల ముడుసుకొని ఉంటినని చెప్పాలెనా?”

“పానం తీపి ఎవరికైన ఉంటది. దానికి సిగ్గెందుకు?”

“పింఛను పక్కన పెట్టు వదినె. హైద్రాబాదు రాజ్యమన్నరు, ఆంధ్రప్రదేశ్ అన్నరు, అరవై తొమ్మిదిల మళ్ల తెలంగాణ అన్నరు. అన్ని జెండాలు మోస్తి. అలిసిపోయిన. నేనూ ఉంటినని చెప్పేటందుకు ఒక్క కాయితం లేదు నా తాన.”

“మీ అన్నకున్నదా?”

“...లేదు.”

“రజాకార్లు ఇంట్ల సొచ్చిన దినం గుంతల నీకు ఇనపడ్డదా?”

“ఏంది?”

“ఏందో నీకెరుకనే.”

“...ఇనపడ్డది.”

“నలభై ఏండ్లల ఒక్కనాడన్న ఆ మాట ఎత్తుతవని సూస్తి. ఎత్తకపోతివి.”

“ఏం మొఖం పెట్టుకొని ఎత్తాలె? అన్నను కొడుతుంటె మగ్గం సప్పుడు ఆగలే. అన్నిటికంటె గదే గట్టిగ ఇనపడె నాకు.”

“ఆగితె గుంతల సూస్తుండ్రి. అందుకే నేస్తి. ఏడిస్తె చెయ్యాగుతదని ఏడవకపోతి. ఆ చీర ఎవరు కట్టిండ్రో ఏమో.”

“లేద్దామనుకున్న వదినె. ఒట్టు.”

“లేవనిస్తినా? ఒక కాలు నీ భుజం మీదనే అదిమి పెడ్తి.”

“...ఇగ వద్దు వదినె. చింపేస్త ఈ కాయితం.”

“చింపకు. ఇటియ్యి.”

“అబద్ధం సాక్ష్యం నీతోని చెప్పియ్య.”

“వెంకట్రాములు యాడున్నడని అడుక్కుంట కొట్టిండ్రు మీ అన్నను. ఏం చెప్పె ఆయన?”

“తుంగభద్ర దాటి క్యాంపుకు పోయిండని.”

“పానం పోయేదాంక గదే మాట. ఆయన చెప్పినదాన్ని నేను కాదంటనా? సిరా ఇటువెట్టు.”