మేడమ్ డబ్బా

ఇలా దగ్గరగా జరిగి వినమ్మా. కటవారియా సరాయ్ అనే పేటలో ఒకే గదిలో ఇద్దరు కాలేజీ పిల్లలు. ఒకతె కన్నవాళ్ళు లేక ఎవరెవరి ఇళ్ళలోనో పెంపుడు పిల్లగా పెరిగింది. తను వెళ్ళే కాలేజీ కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి రెండో పిల్ల కూడా వెళ్ళిందని తెలిసి దానికి ఒళ్ళు మండింది.

“నీకు అమ్మ ఉందిగా. నా మేడమ్ ఎందుకే?”

“ఆవిడ కాలేజీలో అందరికీ కదే.”

“అచ్ఛా, రోజూ ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడతావే, ఆ అమ్మకే చెప్పుకో.”

“ఫెయిలయ్యానని అమ్మకెలా చెప్పనే? మేడమ్ దగ్గరా నోరు పెగల్లేదు. ఏడ్చి వచ్చేశా.”

పెంపుడు పిల్ల దాని పక్కకి జరిగి కూర్చుంది.

“రేపు లంచ్ టైముకి వెళ్ళు. తినలేదని చెప్పు. మేడమ్ తన డబ్బా తెరిచి నీ ముందు పెడుతుంది. తింటుంటే మాటలు వాటంతటవే వస్తాయి.”

“నువ్వూ రావే.”

“రాను. ఆవకాయ మాత్రం ముట్టకు, అది నాది.”

ఈ పెంపుడు పిల్లని గుర్తుపెట్టుకుని, నీ వాళ్ళకీ చెప్పు తల్లీ.