బల్లీ సాలీడూ ఒకే గోడ మీద

బల్లినీ సాలీడునీ దేవుడు ఒకే గోడ మీద ఎందుకు పెట్టాడన్న సందేహం అత్తగారిని ఏళ్లుగా వదల్లేదు. ఆ పొద్దున పొయ్యి దగ్గర మాటా మాటా పెరిగి కోడలు వేరుకాపురం మాట ఎత్తింది. సాయంత్రం ఆ కోడలే పరీక్ష కోసం జీవశాస్త్రం పైకి చదువుకుంటుంటే, ఆవిడ దీపం పెట్టి వచ్చి పక్కన చేరింది.

“రెండూ పురుగుల్నే తింటాయి కదే. మరి కొట్టుకు చావవేం?”

“బల్లి రాత్రిపూట లైటు దగ్గర తిరిగి వేటాడుతుంది అత్తయ్యా. సాలీడు మూలన గూడు కట్టుకుని, పడ్డదాన్ని తింటుంది. దేని చోటు దానిది, దేని తీరు దానిది.”

“చోటూ తిండీ తీరూ అన్నీ ఒకటే అయితే?”

“గట్టిది ఉంటుంది. రెండోది పోతుంది.”

“ఎక్కడికే?”

“పుస్తకంలో అయితే చచ్చిపోతుంది. మనింట్లో అయితే పక్కవీధిలో అద్దెకు దిగుతుంది.”

అత్తగారు కోడలి వైపు ఇంకాస్త జరిగింది.

“నేను గట్టిదాన్నటే? నా మోకాళ్లు చూశావా?”

“నోరు చూశాను.”

“సరే, నేనే సాలీడుననుకో. పొద్దుటి పొయ్యి నీది, సాయంత్రానిది నాది. నీ వేళప్పుడు మూలన కూర్చుంటాను.”

“కూర్చుని, ఉప్పు తక్కువేశావని అనకూడదు.”

“సాలీడుకి నోరుండదా ఏం?”

“ఉంటుంది. వడ్డించాకే తెరుస్తుంది.”

“దేవుడు దానికిచ్చిన బుద్ధి నాకివ్వలేదమ్మా” అంటూ ఆవిడ లేచి వెళ్లి, పోపులపెట్టె తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది. “నువ్వు కాపురానికొచ్చిన రోజున ఇస్తానన్నాను. మనసొప్పక దాచుకున్నాను. ఇదిగో, తీసుకో.”

కోడలు మూత తీసి చూసి, మెల్లిగా మూసింది.

“పక్కవీధి ఇల్లుగలవాళ్లకి మేం రామని చెప్పేస్తాలెండి.”