లాయరు గారి సీడీ ప్లేయర్ ఓడిపోయిన రోజు

సెలూన్లోకి అడుగు పెట్టగానే స్పీకర్ బాబాయ్ కళ్ళు నేరుగా తన బల్ల మీద పడ్డాయి. సోల్డరింగ్ కడ్డీ, స్క్రూడ్రైవర్లు పక్కకి నెట్టేసి ఉన్నాయి. వాటి స్థానంలో ఓ కొత్త అట్టపెట్టె కూర్చుని ఉంది. దాని మీద నల్లగా నిగనిగలాడే సీడీ ప్లేయర్ బొమ్మ. పక్కనే మంగలి బావమరిది, ఆ పెట్టెను తనే కన్నట్టు మురిసిపోతూ నిలబడ్డాడు.

సెలూన్‌కి కొత్త ప్లేయర్ వచ్చేసిందనుకున్నాడు బాబాయ్. ఆయన రిపేరు షాపు మూతపడ్డాక మిగిలింది సెలూన్లో ఈ మూలే. అద్దం పక్కన మోగే చవక ప్లేయర్ని బాగుచేస్తూ, దాని పేరు చెప్పుకుని ఇక్కడే నాలుగు రేడియోలు, రెండు మిక్సీలు చూసుకుంటున్నాడు. పాతది పోతే బల్లా పోతుంది, బల్ల పోతే పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరడానికి ఓ కారణమంటూ ఉండదు. అలాగని బతిమాలుకునే రకం కాదాయన.

"చాలా గొప్పదట బాబాయ్. దీని ముందు మనది తుమ్మినట్టు వినిపిస్తుందట," అన్నాడు వరసలో కూర్చున్న దర్జీ.

"ఎవడన్నాడు?" అంటూ బాబాయ్ స్టూలు లాక్కున్నాడు. కుర్చీలో మాస్టారు ముఖం నిండా నురగతో, గొంతు మీద కత్తితో ఉన్నాడు. ప్రతిదానికీ ప్రశ్న వేసే మనిషి నోరెత్తలేని స్థితిలో ఉండటం చూసి బాబాయ్‌కి ధైర్యం వచ్చింది.

"లాయరు గారి సంగతి మీకు చెప్పలేదు కదూ. ఆయన ప్లేయర్ టకటకమంటోందని కబురు పెడితే వెళ్ళా. ఊరికే వెళ్ళానా, సరిచూసుకోడానికి ఇదిగో ఈ చవకదాన్నే సంచీలో వేసుకుని, జేబులో ఒక్క డిస్కు పెట్టుకుని మరీ వెళ్ళా. పాటలకే ఓ గది కట్టించాడాయన. చెప్పులు బయటే విప్పాలి, దగ్గొస్తే వరండాలోకి పోయి దగ్గాలి. ప్లేయర్ని రాతిపలక మీద కూర్చోబెట్టాడు. దాని వైర్లు చూస్తే నా మణికట్టంత ఉన్నాయి. నా సంచీ చూసి, అన్నం డబ్బా తెచ్చుకున్నావా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రెండూ ఒకే ఆంప్లిఫయర్‌కి తగిలించండి, ఒకే పాట, స్విచ్చి ఇటు తిప్పితే మీది, అటు తిప్పితే నాది, తేల్చుకుందాం అన్నా."

"లాయరుతోనే?" అన్నాడు దర్జీ.

"లాయరైతే ఏం, చెవులు రెండేగా. ఇటు తిప్పా. వయొలిన్. బావుంది, నేను అబద్ధం చెప్పను. అటు తిప్పా. అదే వయొలిన్, దాంతోపాటు వాయించేవాడి కుర్చీ కిర్రుమనడం కూడా వినపడింది. లాయరు ముందుకి జరిగాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మళ్ళీ ఇటు తిప్పా, డోలు. అటు తిప్పా, డోలుతోపాటు డోలు వాయించేవాడి కడుపు గుర్రుమంటోంది. పాపం పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేడు. వంటింట్లోంచి లాయరు గారి భార్య పళ్ళెంతో పరిగెత్తుకొచ్చి, ఆకలితో ఉన్నదెవరండీ అని అడిగింది."

బావమరిది ఫక్కుమన్నాడు. మంగలి మాత్రం చేతిలో కత్తి గాల్లోనే ఆపేసి వింటున్నాడు. మాస్టారు కుర్చీ చేతిని వేలితో కొట్టాడు. నురగ ఆరిపోవడంతో మంగలి మళ్ళీ బ్రష్షు అందుకున్నాడు. ఇంకాస్త టైముంది అనుకున్నాడు బాబాయ్.

"నవ్వు బాబూ, నవ్వు. మేడ మీద లాయరు గారి తండ్రి ఉన్నాడు, చెవుల్లో ఉరిమినా వినపడని మనిషి. ఆయన కర్ర టకటకలాడించుకుంటూ దిగొచ్చి, ఆ మూడోవాడు శ్రుతి తప్పుతున్నాడు, ఎవరూ చెప్పరేం అని కోప్పడ్డాడు. వీధిలో బస్సాగింది. జనం దిగి కిటికీలకి వేలాడారు. ఇంతలో పాడే ఆవిడ చరణం మధ్యలో చిన్నగా గొంతు సవరించుకుంది. నా దాంట్లోనే సుమా, ఆయనదాంట్లో కాదు. లాయరు గారి భార్య మనసున్న మనిషి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి స్పీకరు ముందు పెట్టింది. పాట అయ్యేసరికి గ్లాసులో సగమే ఉన్నాయి."

"మిగతా సగం?" అన్నాడు దర్జీ.

"పల్లవి మళ్ళీ పాడాలిగా, దాచుకుంది. అప్పుడు చూడాలి లాయరు గారి ప్లేయర్ని. సిగ్గుతో డిస్కు పెట్టే పళ్ళెం నాలుకలా బయట పెట్టేసింది, ఎంత నొక్కినా లోపలికి పోదే. లాయరు నా రెండు చేతులూ పట్టుకుని, ఇది నువ్వుంచుకో, నీది నాకిచ్చెయ్ అన్నాడు. నేనన్నానూ, అయ్యా, ఇది మా సెలూన్ మూలలో తప్ప ఇంకెక్కడా ఉండదు, దీన్ని అక్కణ్ణుంచి కదిపేవాడు ఇంకా పుట్టలేదు అని."

ఆఖరి మాట బావమరిది వైపు చూసి మరీ అన్నాడు. అప్పటికి మంగలి తువ్వాలుతో మాస్టారు ముఖం తుడిచేశాడు. బాబాయ్ అది ఆలస్యంగా గమనించాడు.

"ఏమయ్యా, డిస్కులెన్ని తీసుకెళ్ళావన్నావు?" అన్నాడు మాస్టారు.

"ఒక్కటే మాస్టారూ. మంచి డిస్కు ఒక్కటి చాలదూ?"

"ఒకే పాట, ఆపకుండా స్విచ్చి ఇటూ అటూ తిప్పావు. డిస్కేమో ఒక్కటి. అది నీదాంట్లో ఉంటే ఆయనదాంట్లో ఏం తిరిగింది?"

ముప్పయ్యేళ్ళు ప్లేయర్లు విప్పి బిగించిన మనిషి చేయకూడని పొరపాటది. చెవులు ఎర్రబడ్డా బాబాయ్ తల మాత్రం దించలేదు.

"ఏమీ తిరగలేదు. అందుకే ఓడిపోయింది," అన్నాడు.

దర్జీ పొట్ట పట్టుకున్నాడు. బావమరిదికి నవ్వుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నవ్వుల మధ్య బాబాయ్ లేచి నిలబడ్డాడు.

"నవ్వుకోండి. అంతా కోతలే అనుకోండి, నాకేం. ఆ పాతదాని లెన్సు తుడిచింది నేను, బెల్టు మార్చింది నేను. మీకు గొప్పది కావాలంటే పెట్టుకోండి. కానీ నా బల్ల తీసి నన్ను వీధిలోకి పొమ్మంటే మాత్రం పోను. ఈ గోడకి ఆనుకుని ఇక్కడే కూర్చుంటా. ఎవడు లేపుతాడో చూస్తా."

మంగలి నోరు తెరిచాడు. "నిన్నెవరు పొమ్మన్నారు బాబాయ్?"

"నా బల్ల మీద దాన్ని ఎక్కించి, ఎవరంటావేంట్రా?"

"అయ్యో, పొద్దున నేల కడిగాను, కింద తడిగా ఉందని అక్కడ పెట్టాం. అది సెలూన్‌కి కాదు. మా ఆవిడకి వాళ్ళ తమ్ముడు తెచ్చాడు. సాయంత్రం ఇంటికి పట్టుకెళ్తున్నాం."

"అక్కకి పాటలంటే ప్రాణం," అన్నాడు బావమరిది కళ్ళు తుడుచుకుంటూ. "ఇంతకీ దీన్ని బిగించడం నాకు రాదు. మిమ్మల్నే రమ్మందామనుకున్నాం."

అందరూ బాబాయ్ ముఖంలోకి చూశారు. ఆయన స్టూలు సర్దుకుని కూర్చున్నాడు, స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే మళ్ళీ వరసలో పెట్టుకున్నాడు.

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా. లాయరు గారిదాన్నే గెలిపించేవాణ్ణి," అన్నాడు.