చెంచులక్ష్మి రాసిన చేపల కూర లెక్క

చెంచులక్ష్మి అని ఒక పిల్లుండేదంట. ఆ పిల్లా, వాళ్లన్న ఏడుకొండలూ కవలలు, ఇద్దరిదీ ఒకటే తరగతి, తెల్లారితే ఇద్దరికీ సైన్సు పరీక్షే. ఏమైందంటే, నాయనమ్మ మనవడికి మంచమేసి, పుస్తకం చేతికిచ్చి, "నువ్వు చదువుకో అయ్యా" అందంట. మరి చెంచులక్ష్మో? చేపలు తోమాల, మసాలా నూరాల, గేదెకి కుడితి పెట్టాల. దానికి పరీక్ష లేదా? ఒళ్లు మండుద్దా మండదా చెప్పండి! పాపం ఆ పిల్ల పుస్తకం గోడకానించి, చేపలు తోముతానే పైకి చదువుకుంటా ఉందంట. నాచుని పురుగు తింటది, పురుగుని చేప తింటది, చేపని కొంగ తింటది, ఒకదాన్నించి ఇంకోదానికి శక్తి పదోవంతే చేరుద్ది, మిగతాదంతా మధ్యలోనే ఖర్చయిపోద్ది అని. దాన్నే పది శాతం నియమం అంటారంట.

అన్నాలప్పుడు ముందు నాయన కూర్చున్నాడంట, పెద్ద ముక్కలు ఆయనకి. తర్వాత ఏడుకొండలు. "పరీక్ష రాసే బిడ్డ" అని నాయనమ్మ నడిమి ముక్కలన్నీ వాడి కంచంలోనే వేసింది. చెంచులక్ష్మి కూర్చునేసరికి తోకముక్కా, ఇంత పులుసూ. "నేనేమన్నా రేపు బియ్యం ఏరను పోతన్నానా నాయనమ్మా, నాదీ పరీక్షే గదా" అందంట. "ఆడపిల్లకి అంత నోరేందే" అందంట ముసల్ది. నవ్వమాకండి, మీ ఇళ్లల్లో జరగనట్టు!

పరీక్షలో ఆ నియమానికి మీ చుట్టుపక్కలనించే ఉదాహరణ రాయమన్నారంట. కడుపుమంట మీదుంది గదా, "చేపల కూర మా నాయనకి, ఆయన తినగా మా అన్నకి, వాడు తినగా పదోవంతు నాకు. నాతో అయిపోయింది" అని రాసేసింది. పంతులు "ఇది శక్తి లెక్క కాదు, కూర లెక్క" అని సున్నా పెట్టి, నాయన చేత సంతకం పెట్టించుకు రమ్మన్నాడంట. పిల్ల ఏడ్చిందనుకో, అయినా తెచ్చి అన్నాల దగ్గరే ఇచ్చింది. నాయన పైకి చదివాడంట. నాయనమ్మ "ఇంటి పరువు తీసిందిరా" అని శోకాలు. అప్పుడు పొయ్యికాడినించి వాళ్లమ్మ కోటమ్మ, ఎన్నడూ నోరెత్తని మనిషి, "నీతో అయిపోయిందని రాశావేందే? మరి నేనో?" అందంట. చెంచులక్ష్మి తల ఎత్తలేకపోయింది. రోజూ తన తర్వాత అమ్మ ఉత్త గిన్నె ఊడ్చుకుని తింటంటే, తనూ చూడలేదు గదా.

ఆ పూటా చేపల కూరే. నాయన లేచి, కోటమ్మని కూర్చోబెట్టి, నడిమి ముక్క తనే వేశాడంట. వేస్తే తిందా? తినలా! సగం విరిచి కొడుకు కంచంలో పెట్టిందంట. ఇట్టాంటిదాన్ని ఏం చెయ్యాలో ఏ పుస్తకంలో రాశారో, చదువుకున్నోళ్లు మీరే చెప్పాల.